రిమార్కుల గడి

గుజ్జు ఫ్యాక్టరీలో సర్వర్ గది
ఒకప్పుడు ఖాళీ డ్రమ్ములు పడేసే కొట్టు.
ఏసీ పద్దెనిమిదిలో పెట్టినా
గోడల్లోంచి తోతాపురి వాసన పోదు.

చెంగల్రాయులన్న రిటైర్మెంటు పదకొండు రోజులుందనగా
మేనేజరు పిలిచి
"ఆయన తలకాయలో ఉండేదంతా సిస్టమ్‌లోకి ఎక్కించు" అన్నాడు,
ట్రాక్టర్లోకి కాయలు ఎక్కించమన్నట్టు.

ఇరవై రెండు గడుల ఫారం తయారుచేసుకుని పోయినాను.
ఉష్ణోగ్రత. ఒత్తిడి. బ్రిక్సు. నిమిషాలు.
ఆయన ల్యాప్‌టాప్ కేసి చూడలేదు.
ఆవిరి పైపుకు అరచేయి దగ్గరగా పెట్టి
"కాయ యే వూర్దో అడగలేదే నువ్వు" అన్నాడు.

బంగారుపాళెం కాయ వాన పడినాక కోస్తే నీళ్ళోడుతుందంట.
నురగ తెల్లగా వస్తే భయం లేదంట,
పచ్చగా పొంగేలోపల వాల్వు అరచుట్టు తిప్పాలంట.
"పొంగినాక చూసి కాదు. గొంతు మారతానే."
"గొంతా?"
"మిషన్‌ది నాయనా. నీది కాదు."

గొంతుకు గడి లేదు నా ఫారంలో.

ఆ రాత్రే
రిమార్కులకు పెట్టిన యాభై అక్షరాల హద్దు తీసేసినాను.
ఆవిరి చప్పుళ్ళు మూడు ఫోన్లో పట్టి
ఆయన మాటలతోనే పేర్లు పెట్టినాను:
బాగుంది, గునుస్తాంది, అరస్తాంది.
స్పెల్లింగు దిద్దితే
అవసరమైన వేళ ఎవరికీ దొరకదు.
నకలొకటి తిరుపతి ఆఫీసుకు పంపి
తీపికి మరిగిన ఎలుకలు కొరక్కుండా
కేబుళ్ళకు పైపు తొడిగినాను.
ఫోటో తీసి చూపించేంత పనేం కాదు.

జూన్‌లో, ట్రాక్టర్ల వరస మురకంబట్టు దాకా నిలబడిన రాత్రి,
రెండుంబావుకు కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేలోపల
యూపీఎస్ కీచుమంటా సర్వర్‌ను మోసింది.
మిషన్ మళ్ళీ తిరిగింది, వేరే గొంతుతో.
షిఫ్టులో రెడ్డెమ్మ, చేరి పంతొమ్మిది రోజులు.

పొద్దున లాగ్‌లో చూసినాను:
వెతికిన మాట, గునుస్తాంది.
విన్నది పదకొండు సెకన్లు, రెండుసార్లు.
ఆపైన వాల్వు, అరచుట్టు.
కింద ఆ పిల్ల రాసిన రిమార్కు:
"నాకు గునిసినట్టు లేదు.
పాలకు ఏడవబోయే ముందు చంటిబిడ్డ చేసే చప్పుడు."

దాన్ని నేను ముట్టుకోలేదు.

సంతోషం పట్టలేక చెంగల్రాయులన్నకు ఫోన్ చేసినాను.
అంతా విన్నాడు. దగ్గినాడు.
"అదట్లుండనీ. కాయ యే వూర్దంట?"

తెరమీద వెతికినాను.
ఆయన కోసమే కలిపిన ఇరవైమూడో గడి.
ఖాళీ.