సున్నా దాకా

యలహంక పోలీస్ స్టేషన్ మలుపు. ఆదివారం, ఐదున్నర.
వీధి దీపాలింకా ఆర్పలేదు.
బోజమ్మ మేడమ్ నా పక్క సీటు మీద పాత పేపరు పరిచి,
బూట్లతో ఎక్కి,
కారు పైకప్పు కిటికీలోంచి నడుము దాకా బయటికి లేచింది.
"ముప్పై దాటొద్దు రెడ్డెప్పా, ఇరవైకి తగ్గొద్దు.
ఎర్రజెండా నా చేతిలో ఉన్నంతసేపూ
ఇది పందెం కాదు."

కాకపోతే మరేమిటని అడగలేదు.
చెప్పిన చోటికి, చెప్పినట్టు తోలడం నా పని.

వెనక తొంభై నాలుగు సైకిళ్లు.
చింతామణి మార్కెట్లో గంపలు తిరగేసినట్టు
అద్దం నిండా హెల్మెట్లు.
ఒకడు చేతులొదిలేసి జాకెట్టు విప్పుతున్నాడు.
ఒకమ్మాయి పక్కవాడి సీసాలో రెండు గుక్కలు తాగి
మళ్లీ వాడికే అందించింది.
ఎవరి చెల్లెలి పెళ్లో ఎప్పుడని ఎవరో అడుగుతున్నారు.
ఇంకో గంటకి ఒకరి గాలి ఒకరు దొంగిలించుకునేవాళ్లు.

హంపు వచ్చినప్పుడల్లా ముందువాడి చెయ్యి లేస్తుంది,
ఆ సైగ చివరి వరస దాకా
రాగిచేను మీద గాలిలా పోతుంది.

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో టాక్సీ తోలుతున్నా.
ఎడమనుంచి ఆటో దాటింది, కుడినుంచి డెలివరీ బండి,
ఫుట్‌పాత్ ఎక్కి కూడా దాటారు.
అంబులెన్సుకి దారిస్తే
దాని తోక పట్టుకుని పది కార్లు పోయాయి.
ఇవాళ నాకంటే వడిగల కాళ్లు
నా బంపరుకి మూరెడు దూరంలో
బ్రేకుల మీద వేళ్లుంచుకుని వస్తున్నాయి.
కొంచెం గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

ఎండుతున్న చెరువు పక్కన వైర్‌లెస్ గరగరలాడింది.
డెబ్భై ఒకటికి పంక్చరు.
దాసప్పట, నెలమంగలలో సైకిల్ షాపు కుర్రాడు,
ఇదే మొదటి పందెం.
"ఆపు," అంది మేడమ్.
తొంభై ముగ్గురూ కాలు నేలకానించారు.
కొందరు గోడవైపు తిరిగారు.
టీ కొట్టువాడు షట్టరు సగమెత్తి చూశాడు.
నాలుగు నిమిషాలు.
చక్రం మార్చుకుని, తల దించుకుని,
వాళ్లిచ్చిన సందులోంచి వచ్చి కలిశాడు.

"సున్నాకి ముందు పడితే అందరూ ఆగుతారు,"
మేడమ్ వంగి నాతో అంది.
"సున్నా దాటాక పడితే?"
జవాబు బదులు జెండా కర్ర సర్దుకుంది.

నేను మొదటిసారి ఈ ఊరు వస్తుంటే
హొసకోట దగ్గర నా వాంతికని బస్సు ఆపారు.
బస్సంతా కాచుకుంది. ఒకామె నిమ్మకాయ ఇచ్చింది.
మెజెస్టిక్‌లో దిగాను.
దిగేచోట రోడ్డు మీద గీత ఏదీ కనబడలేదు మరి.

ఇక్కడ ఉంది. రాజానుకుంటె దాటాక
రోడ్డుకి అడ్డంగా, సున్నంతో.
జెండా ఒక్కసారి గాలిలో ఊగి
లోపలికొచ్చి నా ఒళ్లో పడింది.
"తొక్కు!"
వెనక మాటలన్నీ ఒకేసారి ఆగిపోయాయి.
గొలుసుల చప్పుడొక్కటే.

మొదట దూకింది డెబ్భై ఒకటి.
తనకోసం ఆగినవాళ్లందరినీ వదిలేసి,
పళ్లు బిగించి, నా అద్దంలో పెద్దదవుతూ.
నా కాలు ఇంకా ముప్పై దగ్గరే ఉండిపోయింది.
మేడమ్ బూటు నా భుజాన్ని పొడిచింది.