వెంట్రుకవాసి

జీడిపిక్కలు ఉడికించే స్టీలు కుక్కరు
పొద్దుటి నుంచీ నా ముందు వెల్లకిలా పడుంది.
రేపటికి ఆవిరెక్కాలి.
పలాసలో ఏ ఫ్యాక్టరీ వాడూ
ఎల్లుండి దాకా ఆగడు.

అతుకు పడుతోంది గానీ
పడాల్సిన చోట పడటం లేదు.
ఎడమకి జరుగుతోంది.
ఎంతనీ? వెంట్రుకవాసి.

రాడ్డు వెల్డింగులో అదొక లెక్కా?
ఇరవయ్యారేళ్లు రాడ్లు కరిగించిన చెయ్యి నాది.
బొటనవేలంత అతుకు పోసి
గ్రైండరుతో అబద్ధాన్ని నున్నగా చేసెయ్యగల చెయ్యి.
ఈ లేజరు గన్ను ముందు ఆ పెద్దరికం చెల్లదు.
రెండు రేకుల సందులో పడితే అతుకు,
పక్కన పడితే ఉత్త మచ్చ.

ముందు నా షుగరుని అనుమానించాను.
తర్వాత బల్లని;
కాలి కింద అట్టముక్క పెట్టాను.
తర్వాత కరెంటుని.
ఆ తర్వాత జీడితొక్కల పొగని.
మూతి దగ్గరి అద్దం తీసి చూస్తే
తిత్లీ మర్నాటి ఆకాశంలా
మరక లేకుండా ఉంది.

ఇక మిగిలింది గుంటడు.

"ఒరే తవిటేసూ, గన్ను పడీసినావేట్రా?"
"నేదు మావా."
"పడీకుండా దానంతటదే వంకరైపోనాదేటి?"
వాడు గ్యాసు సిలిండరు ముల్లు వైపు చూశాడు,
అది చెబుతుందేమో అన్నట్టు.

సర్వీసు కుర్రాడు విశాఖ నుంచి రేపొస్తానన్నాడు.
వాళ్ల రేపుకి తేదీ ఉండదు.
ఫోన్లో చెప్పించుకుని మేమే మొదలెట్టాం.

రాగి నాజిల్ మూతికి టేపు అంటించి,
క్లిప్పు దానికే తగిలించి,
పవరు అడుగంటా తగ్గించి,
కళ్లద్దాలు పెట్టుకుని,
గన్ను మూల ఇటుక వైపు తిప్పి
ఒక్క చిటిక.

టేపు మీద మిరియంలో పావు వంతు నల్ల చిల్లు.
పక్కకుంది.
దారి చూపే ఎర్ర చుక్క మాత్రం
సరిగ్గా నడిమధ్య నిలబడి ఉంది,
ఏమీ ఎరగని పెళ్లిపెద్దలా.
కాల్చే వెలుతురు కంటికి కనపడదు.
కనపడేదాన్ని నమ్ముకుని
పొద్దుటి నుంచీ కనపడనిదాన్ని నడుపుతున్నానన్నమాట.

లెన్సు గూడు ఊడదీశాం.
ఒక మూల గోరంత పైకి లేచి ఉంది.
నాజిల్ అంచున సన్నని గాటు,
గాటులో సిమెంటు రంగు.

ఆ గాటు మీద వేలు పెట్టగానే
శుక్రవారం రాత్రి గుర్తొచ్చింది.
కరెంటు పోయింది.
ఫోను వెలుతురులో గన్ను మేకుకి తగిలించాను,
అదే ఫోను మోగింది,
వాయిదా కట్టలేదని బ్యాంకు వాళ్లు.
వెనక ఠంగుమంది.
స్పానరు అనుకున్నాను.
అనుకోవాలనుకున్నాను.

లెన్సు కుదురుగా కూర్చోబెట్టి
మర తిప్పాను పావు చుట్టు.
టేపు. చిటిక. చిల్లు. కుడికి పోయింది.
మళ్లీ టేపు.
మళ్లీ.
నా చేతిలో కీ ఎక్కువ తిరిగేస్తోంది.
వాడి చేతిలో పెట్టాను.
ఊపిరి బిగబట్టి
చీమ తలకాయంత తిప్పాడు.
పన్నెండో ముక్క మీద
చిల్లు నడుమన పడింది.

వాడింకా టేపు వంకే చూస్తుండగా అన్నాను:
"గన్ను పడీసింది నాన్రా."

"ఎరుకే మావా.
బస్తాల మీద తొంగున్నాను గానీ
లేసే వున్నాను."

"మరి పొద్దున సెప్పనేదేటి?"

నాజిల్‌కి అంటుకున్న జిగురు
గోటితో గీకుతూ కాసేపు ఊరుకున్నాడు.
"గన్నుని సూసీలోపే
నన్ను అడిగీసినావు కదా."

టీ చెప్పాను. చల్లారిపోయాక తాగాం.

చీకటి పడే వేళకి అతుకు పూర్తయింది.
బయటి వైపు సున్నం పూసి, ఆరబెట్టి,
కుక్కరు నిండా నీళ్లు పోశాం.
ఎక్కడైనా తడి మచ్చ తేలుతుందేమోనని
వాడు ఆ చివర, నేను ఈ చివర
టార్చిలు వేసుకుని కూర్చున్నాం.

ఇప్పటిదాకా తెల్లగానే ఉంది.
చూస్తున్నాం.