తీసిన పేజీలు

ప్రతి మంగళవారం
సిడ్నీ నుంచి పసుపు కవర్లు వస్తాయి.
న్యూకాసిల్ కోర్టు వెనక, మెట్లు దిగాక,
కిటికీ లేని లైబ్రరీలో
పేజీలు మార్చడం నా పని.

కవర్లో పైకాగితం హుకుం చేస్తుంది:
4113 నుంచి 4126 దాకా తీసెయ్యి,
4113 నుంచి 4126-సి దాకా పెట్టు.
ఎందుకో చెప్పదు.
రింగులు టక్కున విప్పుతాను.
నిన్నటిదాకా చట్టమైనది
నా చేతిలో ఉత్త కాగితమవుతుంది.
రింగులు మూస్తాను.
ఒక్కోసారి మధ్యలో వేలు పడుతుంది.

ఆరేళ్లయింది. ఒక్క కేసూ నాకు తెలీదు,
ఏ పేజీ పక్కన ఏ పేజీయో మాత్రం
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
లాయర్లు ఇప్పుడు తెర మీదే వెతుక్కుంటారు.
పాస్‌వర్డ్ మరిచిన రోజున
దిగొస్తారు, తుమ్ముకుంటూ.

తీసినవి పారెయ్యమని రూలు.
మా లైబ్రేరియన్ ఫెర్గస్ పారెయ్యడు,
అతని ముందావిడా పారెయ్యలేదట.
అరటిపళ్ల అట్టపెట్టెలు, పైన ఏడాది,
బాయిలర్ గది నిండా.
పాత చింతకాయ పచ్చడి, అనుకునేదాన్ని.
ఆ మాట అతనికి ఇంగ్లీషులో చెప్పలేక
నవ్వి ఊరుకునేదాన్ని.

మొన్న వెరా టల్లక్ అని ఒక పెద్దావిడ,
చేతిలో రొట్టెల సంచి, సంచిలో ఎక్స్‌రే.
వాళ్లాయన ఓడల రేవులో
ఆవిరి గొట్టాలకి తెల్ల పొర చుట్టేవాడట.
"సాయంత్రం గుమ్మంలోనే
చొక్కా విప్పించి దులిపేదాన్ని,
ఇల్లు పాడవకూడదని."
ఫిలిం దీపానికి ఎత్తి చూశాను.
మూలన ఉన్న పేరు ఆయనది కాదు.

"ఇప్పుడు చట్టం ఏమంటుందో లాయరు చెప్పాడు.
అప్పుడేమందో కావాలి.
డెబ్భై నాలుగులో."

మేం సలహా చెప్పకూడదు. గోడ మీద బోర్డుంది.
పుస్తకం చూపించొచ్చు, పేజీ తిప్పొచ్చు,
వేలు వాక్యం మీద ఆగకూడదు.

డెబ్భై నాలుగు పెట్టెలో లేదు.
"అప్పుడు అమల్లో ఉన్నది
తర్వాతెప్పుడో తీసుంటారు," అన్నాడు ఫెర్గస్
మోకాళ్ల మీద కూలబడి.
డెబ్భై తొమ్మిదిలో దొరికింది,
ఒక రింగు చిల్లు చిరిగి,
అంచున పెన్సిల్‌తో ఎవరివో పొడి అక్షరాలు.
నాలాంటి ఎవరో, మంగళవారమో బుధవారమో.

ఆవిడ పెదాలు కదుపుతూ చదివింది.
ఒకచోట పెదాలు ఆగాయి.
నేను బోర్డుకేసి చూస్తూ నిలబడ్డాను.

జ్వరం తగ్గిన నోటికి
మా అమ్మమ్మ మొదటి ముద్దలో కలిపింది
పాత చింతకాయే కదా,
కొత్తది పనికిరాదని.

జిరాక్స్ ఇరవై సెంట్లు.
మెషిన్ ఆవిడ నాణెం రెండుసార్లు ఉమ్మేసింది,
నాది మింగింది.

మళ్లీ రాలేదావిడ.
గెలిచిందో లేదో
ఏ కవర్లోనూ ఇంకా రాలేదు.
ఈ మంగళవారం 2207 నుంచి 2230 దాకా.
తీసిన వాటి అంచున
తేదీ వేశాను, పెన్సిల్‌తో,
కొంచెం ఒత్తి.