మొక్కవోయిన కత్తి

యాకూబ్ పాషా కండ్లద్దాలు నొసటి మీదికి జరిపి
కత్తిని ఎండకు పట్టి చూసిండు.
మండిబజార్ల మిట్టమధ్యాహ్నం.
సాన చక్రం ఆగి ఉన్నది.
పక్క దుకాణంల ఎవరో అత్తరు సీసా మూత తీసిండ్రు.

"తుప్పు పోతది.
పిడికి కొత్త కొమ్ము పెడత.
ఈ గాటు పోవాల్నంటె మాత్రం
అర నూలు ఇనుము తియ్యాలె, అంచు పొడుగూత.
అప్పుడు అద్దమే.
నీ ఇష్టం."

అర నూలు.
మా తాత ఓదేలు నలభై ఏండ్లు
తోలుపట్టీ మీద అటు గుంజి ఇటు గుంజి
అరగదీసింది కూడ అంతకంటె ఎక్కువుండదు.

ఆయనకు చదువు రాదు.
అలుగు మీది అక్షరాలను చిటికెన వేలుతోని తడిమి
"జర్మనోడు" అనేటోడు,
ఇంట్ల ఇంకో మనిషున్నట్టు.
ఆజంజాహి మిల్లు గోడ నీడల గోనెసంచి పరిచి
పొది విప్పుకొని కూసునేటోడు.
సైరన్ మోగితె చెయ్యి ఆపేటోడట.
గొంతు మీద కత్తి, గొంతుల గుటక,
మోత అయిపోయినంకనే రెండూ కదిలేటియట.
సగం గెడ్డంతోనే షిఫ్టుకు ఉరికినోళ్ళు
సాయంత్రం వచ్చి మిగిలిన సగం గీయించుకునేటోళ్ళు.
పైసలు మాత్రం పొద్దుటియే.

గాటు సంగతి ఇంటికో తీరు.
అవ్వ కడుగుతాంటె బండ మీద పడ్డదని
మేనత్త ఐలవ్వ.
నేను ఆ పొదిని ముట్టనే లేదని అవ్వ,
పోయేదాక ఒట్లు పెట్టుకుంటనే పోయింది.
బాపు ఎన్నడూ నోరిప్పలె.

పోయిన కార్తీకంల,
కరెంటు స్తంభాలెక్కీ ఎక్కీ అరిగిన మోకాళ్ళకు
నూనె రాస్తాంటె
తనంతల తనే అన్నడు:

"రేడియో వైరు తోలు ఒలిచిన్రా దానితోని.
పదిహేడేండ్లుంటయేమో.
రాగి అనుకున్న, లోపట ఇనుప తీగుండె.
మీ తాత చూసిండు.
కొట్టలె, తిట్టలె.
మడిచి పొదిల పెట్టి
కరెంటు పనే నేర్చుకో పో, అన్నడు."

ఇంకో మోకాలుకు కూడ రాయమని కాలు చాపిండు.

ఇప్పుడు నాకు నక్కలగుట్టల సెలూన్.
ఏసీ, తిరిగే కుర్చీలు నాలుగు.
బ్లేడును రెండు ముక్కలు చేసి
మనిషికో ముక్క, గీసుడు, పారేసుడు.
ఏ గొంతునూ గుర్తుపెట్టుకోని బ్లేడ్లు.
జర్మనోన్ని ఎవ్వరి చెంపకూ ఆనియ్య,
ఆనిచ్చే కాలం కూడ కాదు.
మరి పదునెందుకు?
ఫ్రేము కట్టించి గోడకు పెట్టు, లుక్కు వస్తదని
ఒక గిరాకీ సలహా ఇచ్చిండు.
నవ్వి, ఆయన చెవుల కాడ జర దగ్గరికే కత్తిరించిన.

మొక్కవోని ధైర్యమని పేపరోళ్ళు రాస్తరు.
మొక్కవోయిన దాన్ని ఏమనాల్నో రాయరు.
ఆవగింజంత సందు.
పదిహేడేండ్ల పోరడు అందుల నుంచే బయటపడ్డడు.
వాని కొడుకును,
ఎవ్వరూ పిలవకుండనే మళ్ళ లోపలికి వచ్చిన.
ఇప్పుడు సాన పట్టించి ఆ సందు మూసేస్తె
ఎవరి దిక్కు మాట్లాడినట్టు?

"పాషా భాయ్, ఇరుసొక్కటి కదిలేటట్టు చెయ్యి.
తెరుసుకోవాలె, మూసుకోవాలె.
గాటు జోలికి పోకు."

ఆయన రెండు చుక్కల నూనె వేసిండు,
చిన్న సుత్తెతోని మూడు దెబ్బలు.
చక్రం తిప్పకుండ పైసలెట్ల తీసుకుంట, అన్నడు.
మనసు మారితె మళ్ళ రా, అన్నడు.
ఆయనకూ డెబ్బై దాటినయి.

రాత్రి తాత తోలుపట్టీని కిటికి చువ్వకు కట్టి
ఊకెనే, చేతులూరుకోక, ఓసారి గుంజిన.
సర్ర్... టిక్.
సర్ర్... టిక్.
ప్రతిసారి అక్కడనే తట్టుకుంటాంది.

లోపటి అర్రల
బాపు టీవీ సౌండు తగ్గించిండు.