పున్నమి పోటు

ఓడలరేవు దారిలో, ఏటిగట్టు కింద
బండి ఆపాం.
పదకొండు వేల కిలోమీటర్ల దుమ్ము అద్దం మీద.
లోపల స్టవ్ మీద చారు.
అవతల రొయ్యల చెరువులో ఏరేటర్లు
నిద్రపట్టని మనిషిలా
నీళ్లని కొడుతూనే ఉన్నాయి.

ముందు టార్చి వచ్చింది, వెనక మనిషి.
"ఏ ఊరండీ?"
మంగతాయారు నా మొహం చూసింది.
ఆ ప్రశ్నకి మూడు నెలలుగా
రోజుకో జవాబు చెబుతున్నాం.
"ఇదేనండీ," అని టైరు తట్టాను.

నవ్వలేదు.
వంగి, చక్రం పక్క మట్టిని బొటనవేలితో నొక్కాడు.
"పున్నమి పోటండీ. తెల్లారేసరికి
మీ ఊరు ములిగిపోద్ది.
గట్టెక్కించండి."

రివర్సు గేరు ఏడ్చింది, గిన్నెలు దొర్లాయి,
"రానీ... రానీ... ఆఁ, ఇంకొంచెం..."
చారు సగం నేలపాలు.

మిగిలింది ముగ్గురం గ్లాసుల్లో తాగాం.
పేరు గంగాచలంట.
లంకలో మూడుసార్లు ఇల్లు కట్టాడట.
మూడుసార్లూ ఏరు కోసుకుపోయింది.
"మీకు నయం, స్టీరింగుంది,"
అన్నాడు, మిరియం ఉమ్మేస్తూ.

పొద్దున చూస్తే
రాత్రి మేం నిలిపిన చోట నీళ్లు.
చక్రాల గాడిలో
ఒక పిత్తపరిగె
అటూ ఇటూ తిరుగుతోంది.