నాలుగో ప్రశ్న

హన్మకొండలో ఎక్కిన పల్లెవెలుగు దిగితే
ముందు కార్పొరేషన్ స్వాగత తోరణం,
దాని కాలికి కట్టేసిన బర్రె.
ఆ వెనకే ఓదెమ్మ ఇల్లు.

నా ట్యాబ్‌లో నాలుగో ప్రశ్న:
నివాసం. ఒకటి గ్రామం, రెండు పట్టణం.
ఏదో ఒకటి నొక్కితేనే ఐదోది తెరుచుకుంటది.

ఓదెమ్మ సందుగలోంచి పాలిథిన్ సంచి తీసింది.
ఉపాధి పని కార్డు.
ఆఖరి పేజీ మీద నీళ్లు పడి
మేటు సంతకం నీలంగా ఉబ్బి ఉంది.
"గా ఎండకాలం కుంటల పూడిక తీసినం,
యాభై ఆరు రోజులు.
వానలు పడ్డంక ఎవలో వచ్చి
మీది పట్నమైంది, ఇగ మీకు పని లేదన్నరు.
పట్నమైతే పని లేకపోవుడేంది చెల్లె?
పని కోసమే గద జనం పట్నం పోయేది?"

మోరికి అవతల ఆమె తోటికోడలు ఇల్లు.
అది ఇంకా ఊరే.
పొద్దున్నే గడ్డపార, తట్ట పట్టుకొని ఆమె పోతుంటే
ఈమె వాకిలి ఊడుస్తూ చూస్తది,
ఊడ్చిన జాగానే మళ్లీ ఊడుస్తది.
మోరి మీది బండ దాటి
ఉల్లిగడ్డలు, చాయపత్తి, జ్వరం గోలీలు
అటూ ఇటూ నడుస్తయి.
పని ఒక్కటే దాటదు.

నేను నిర్వచనం చదివి వినిపించిన:
జనాభా ఇంత, సాంద్రత ఇంత,
వ్యవసాయం కాని పనుల్లో ఉన్న మగవాళ్లు ఇంత శాతం.
"మగోళ్లదేనా లెక్క?" అన్నది.
దానికి నా దగ్గర కోడ్ లేదు.

గోడ మేకుకు ఇంటి పన్ను నోటీసు.
చెత్త బండి పాట పాడుకుంటూ వచ్చి పోయింది.
నల్లా పైపు మాత్రం
గడపకు పదడుగుల ఇవతల నోరు తెరిచి ఆగింది,
పిల్లలు దాంట్లో గోటీలు దాచుకుంటరు.

"నీ ఇష్టం, రాస్కో" అన్నది చివరికి.
"పన్ను కట్టేకాడ పట్నమని రాయి,
తేలు కుట్టిన రాత్రి ఊరని రాయి."

రెండూ నొక్కిన, ఒప్పుకోలేదు.
ఏదీ నొక్కకుండా దాటితే
తొంభై తొమ్మిది పడింది.
తొంభై తొమ్మిదంటే, జవాబు ఇవ్వలేదని.

గంటన్నర మాట్లాడిన మనిషి.

నేను చెప్పులేసుకుంటుంటే
కార్డును మళ్లీ పాలిథిన్‌లో చుట్టి
పట్టుచీర కింద, సందుగ అడుగున పెట్టింది.
ఫొటో తీసుకోమన్నది, చేతికి మాత్రం ఇయ్యనన్నది.
మళ్ల ఊరైతే
పనికొస్తదట.