జూన్ ముప్పై తర్వాత

గేటుకి కాగితం అంటించారు.
మైదా జిగురు ఇంకా ఆరలేదు.
"ముప్పయ్యో తేదీతో ఈతకొలను మూసివేయబడును."
ఎవరు మూస్తారో రాయలేదు.
మూసివేయబడును, అంతే,
వాన దానంతటదే కురిసినట్టు.

అయ్యా కమిషనర్ గారూ,
నేను రొయ్యల షెడ్డులో తలలు తీసేదాన్ని.
నేను చెప్తుంటే సలోమి రాస్తోంది.
పదహారేళ్ళుగా నా వేళ్ళకు ఐసునీళ్ళు తెలుసు.
మోకాళ్ళకు వరదనీళ్ళు తెలుసు.
కుళాయి దగ్గర బిందెతో నిలబడ్డం తెలుసు.
నీళ్ళు మనిషిని మోస్తాయని మాత్రం
ఈ ఏప్రిల్లోనే తెలిసింది,
నలభై ఏడో ఏట,
మధ్యాహ్నం మూడింటికి, ఆడవాళ్ళ గంటలో,
ఇరవై రూపాయల టిక్కెట్టు మీద.

మొదటిరోజు గట్టు వదల్లేదండి.
ఏసుపాదం మాస్టారు పైన నిలబడి
"వదలండమ్మా, నీళ్ళకి మీ మీద కోపమేం లేదు" అన్నాడు.
నేను నమ్మలేదు.
కాలవగట్టున పుట్టినదాన్ని.
మా ఊళ్ళో మగపిల్లలు వంతెన మీంచి దూకేవారు,
మేం బట్టలుతుక్కుని వచ్చేసేవాళ్ళం.
అదే కాలవ.
వాళ్ళకి లోతు, మాకు రేవు.

పదకొండో రోజున వదిలాను.
చెవులు మునిగాక ఊరు ఆగిపోయింది.
ఐసులారీ హారను, సూపర్‌వైజరు కేక,
కిలోకి ఎంతన్న లెక్క,
ఏవీ లోపలికి రాలేదు.
పైన ఆకాశం ఒక్కటే, సున్నం వేసినట్టు.
కాసేపు నా బరువు నా దగ్గర లేదు.

మీరంటారు, కాలవలు వదిలేశారు, వానలొచ్చాయి,
పిల్లలు బడికి పోయారు, ఇంకెవరొస్తారని.
మేమొస్తామండి.
రిజిస్టరు తెప్పించుకు చూడండి.
మెహరున్నీసా, కుట్టుమిషను మెడనొప్పి.
బుల్లెమ్మగారు, డెబ్బై ఒకటి,
మనవడి టీషర్టు వేసుకుని దిగుతుంది.
ఇది రాస్తున్న సలోమి, బళ్ళో ఆయా.
మా తీరిక ఎండల్ని చూసి రాదు.

వానలో ఈదారా ఎప్పుడైనా?
మొన్న జల్లులో చూశాను.
గట్టు మీంచి చూస్తే చినుకు పడుతుంది.
నీళ్ళలోంచి, కళ్ళ మట్టాన చూస్తే
చినుకు లేస్తుంది.
ఒక్క క్షణం కొలనంతా నారుమడి.
పైన చల్లన, కింద వెచ్చన.
ఉరిమితే మాస్టారు విజిల్ వేస్తాడు,
రేకుల కింద తువ్వాళ్ళు కప్పుకుని నిలబడతాం,
బుల్లెమ్మగారు సంచీలోంచి జంతికలు తీస్తుంది.
తెరిపిచ్చాక మళ్ళీ దిగుతాం.

ఖర్చంటారా.
భీమవరం చుట్టూ చెరువులు చూడండి.
రొయ్యకి ఊపిరాడదని
రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి.
కరెంటు పోతే
డీజిలు డబ్బా పట్టుకుని మనిషి పరిగెడతాడు.
రొయ్యకి అంత చేసే ఊళ్ళో
మనిషికి మూడు నెలలేనా అండి?
ఒక్క మోటారు. ఇద్దరి జీతం. కాస్త బ్లీచింగు.
దసరా దాకా.
పోనీ, వినాయకచవితి దాకా.

నలభైమూడు సంతకాలు, తొమ్మిది వేలిముద్రలు.
నాది సరిగా పడలేదు.
ఐసుకి గీతలు అరిగిపోయాయి.
గుమస్తా మూడుసార్లు ఒత్తించాడు,
నీలం మరకే పడింది.
"ఇది ఎవరిదని తెలుస్తుందమ్మా?" అన్నాడు.
"కొలనులోకి రండి, చూపిస్తాను" అన్నాను.
నవ్వాడు. ఫైలులో పెట్టాడు.

ఇవాళ జులై నాలుగు.
గేటుకి తాళం.
కాగితం తడిసి "మూసి" చిరిగిపోయింది,
"వేయబడును" మిగిలింది.
ఉత్తర్వు రాలేదని నీళ్ళింకా తీయలేదట.
ఊచల్లోంచి చూస్తే
కొలను వానతో నిండుతోంది,
గట్టు మీద ఎవరిదో ఒక రబ్బరు చెప్పు.
మూడు కొట్టింది.
నలుగురం గొడుగులేసుకుని నిలబడ్డాం.
బుల్లెమ్మగారు సంచీ విప్పింది.